అత్త కుడి చెవి పైన జుట్టు

అత్త పోయింది. ఆ కబురు నాకు ఫీనిక్స్ బే జెట్టీలో, హట్‌బే దీవికి వెళ్లే పడవ టికెట్టు కోసం వరసలో నిలబడి ఉండగా అందింది. "అక్కా, అత్త లేవట్లేదు. డాక్టర్ వొచ్చి సూసినాడు. అయిపోనాదంట. బేగి వొచ్చీ" అన్నాడు తమ్ముడు ఫోన్లో. నా వెనకున్నాయన "దీదీ, ఆగే బఢో" అంటూనే ఉన్నాడు. నాకు ముందుకు జరగడమూ తోచలేదు, వెనక్కి తిరగడమూ తోచలేదు. చివరికి నా ముఖం చూసి, ఆయనే నా చేతిలో సంచీ అందుకుని బయట ఆటో దాకా వచ్చి ఎక్కించాడు. ఆయనెవరో నాకు తెలియదు.

అత్త అంటే మా నాన్న అక్క. సునామీ తర్వాత గరాచర్మలో మా ఇంటికి వచ్చింది, మొన్నటిదాకా మాతోనే ఉంది. పోయినవాళ్లని దేవతలుగా మార్చి రాయడం నాకు చేతకాదు, అత్తకి నచ్చదు కూడా. ఆవిడ మొండిది. చేపలు కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూసి, తర్వాత అమ్మేవాడి ముఖాన్ని కూడా అంతే అనుమానంగా చూసేది. బేరమంతా హిందీలోనే ఆడేది. కోపం వచ్చినా, ఏడుపు వచ్చినా మాత్రం తెలుగే. మా దీవుల్లో పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గాని చదవమంటే నీళ్లు నములుతారు. అది తెలిసీ ఇది తెలుగులోనే రాస్తున్నాను. అత్త కోసం మరో భాషలో ఏడవడం నాకు రాదు.

బడివేళకి మా గుమ్మం ముందు ఆడపిల్లలు చేరేవారు. బెంగాలీ ఇంటి పిల్లలు, తమిళ పిల్లలు, రాంచీ వాళ్ల పిల్లలు, మన పిల్లలు. తల్లులు పనికి పోతారని మొదట ఒకరిద్దరికి జడలు వేసింది, తర్వాత అది వాడకి అలవాటైపోయింది. పిల్లని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కొబ్బరినూనె అరచేత్తో అద్ది, "హిల్నా మత్. కదిలితే పాపిడి వంకరపోద్ది" అని గదమాయించేది. ఆవిడ వేసిన జడ సాయంత్రం ఆటల తర్వాత కూడా ఊడేది కాదు. నొప్పి అని పిల్లలు మొత్తుకుంటే, "జడంటే గట్టిగుండాల. పట్టుకుంటే సేతిలో నిలవాల" అనేది. మేం నవ్వేవాళ్లం.

ఇంతమంది తలలు దువ్విన మనిషి తన తలని మాత్రం ఎవరికీ చూపించేది కాదు. నిద్రలో కూడా రుమాలు కట్టుకునే ఉండేది. కుడి చెవి పైన, అరచేతిలో సగమంత మేర, వెంట్రుక లేకుండా నున్నటి మచ్చ. సునామీనాడు రేకు తగిలి తెగిందని మాకు చెప్పింది. మావయ్య అంతకు ముందే జబ్బు చేసి పోయాడు. హట్‌బే జెట్టీ దగ్గర ఇడ్లీలు అమ్ముకుంటూ కూతుర్ని పెంచుకునేది. ఆ పిల్ల అప్పుడు రెండో తరగతి. ఆ ఆదివారం పొద్దున నీళ్లు వచ్చాయి. కొన్నాళ్లకి అత్త తలకి కట్టుతో, ఒంటరిగా, ఓడ దిగింది. పిల్ల దొరకలేదు.

దొరకనివాళ్లకి దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపిస్తారు. నాన్న పంతుల్ని పిలిచి అన్నీ సిద్ధం చేస్తే, అత్త ఆ దర్భల్ని తీసుకెళ్లి పెరట్లో పడేసి వచ్చి, అన్నం వండటానికి కూర్చుంది. నాన్న మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఏటా డిసెంబరులో పోయినవాళ్లకి దీపాలు పెట్టే చోటుకి కూడా ఆవిడ వచ్చేది కాదు. "ఆడికి నానెందుకు?" అనేది. ఎంత అడిగినా అంతకుమించి చెప్పేది కాదు.

చాలా ఏళ్లు గడిచాక, మా ఆఫీసులో ఒక భయ్యా సెలవు మీద వెళ్లి టోపీ పెట్టుకుని తిరిగొచ్చాడు. బట్టతల మీద జుట్టు నాటించుకున్నాడు. నుదుటి పైన ఎర్రటి చుక్కలు, వాచిన కళ్లు, దోమల గుంపు కుట్టినట్టు ఉన్నాడు. ఏడాది తిరిగేసరికి నిజంగానే ముందు వరసలో జుట్టు వచ్చింది. కాని దాని వెనకున్న పాత జుట్టు రాలడం మానలేదు. నాటినది నిలిచింది, నాటనిది పోయింది, మధ్యలో ఖాళీ నేల. "దీదీ, మందులు మానొద్దని చెప్పారు, నేనే మానేశా" అని నెత్తి తడుముకునేవాడు. ఇంట్లో ఈ కథ చెప్పి అందర్నీ నవ్విస్తున్నాను. అత్త నవ్వలేదు.

"మచ్చ మీద కూడా మొలుత్తాదేటి?" అంది.

ఆవిడ ఏదైనా కావాలని అడగడం నేను అంతవరకు వినలేదు. అమ్మ చేతిలో రొయ్యలు వదిలేసి, "ఈ వయసులో సోకేటొదినా? నలుగురూ నవ్వుతారు" అంది. అత్త మర్నాడు పొద్దున నా దగ్గరికొచ్చి అదే మాట మళ్లీ అడిగింది, "మొలుత్తాదేటి?" అని.

వైజాగ్ వెళ్లాం. విమానం వద్దని ఓడే ఎక్కించింది. దారంతా కమ్మీ పట్టుకుని నీళ్లు చూస్తూనే నిలబడింది. భోజనానికి పిలిస్తే కంచం అక్కడికే తెమ్మంది.

డాక్టరు చిన్నవాడే, ఓపికున్నవాడు. వెనకవైపు జుట్టుని భూతద్దంతో పాయలు పాయలుగా చూసి, మచ్చని వేలితో నొక్కి చూసి, ఎదురుగా కూర్చున్నాడు. "అమ్మా, కొత్త జుట్టు పుట్టించడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. మీ తల వెనక ఉన్నది తీసి ఇక్కడ పెడతాను, అంతే. వెనక జుట్టుకి రాలని గుణం ఉంటుంది. ఎక్కడ నాటినా ఆ గుణం దానితోనే వస్తుంది. కాని తీసినచోట మళ్లీ మొలవదు. అందుకే దూరదూరంగా తీస్తాం."

"వరినారు పీకి నాటినట్టు" అంది అత్త. ఫెరార్‌గంజ్‌లో నాట్లకి వెళ్లిన మనిషి.

"అదేనమ్మా. కాకపోతే మీది రాతినేల. మచ్చలో నెత్తురు సరిగా ఆడదు. నాటినవన్నీ బతకవు. ఎన్ని బతుకుతాయో ముందే చెప్పి డబ్బు తీసుకునేవాళ్లని నమ్మకండి." వెనక నుంచి చర్మాన్ని సన్నని పట్టీలా కోసి, కుట్లు వేసి, ఆ పట్టీలోంచి కుదుళ్లు విడదీసే పద్ధతి ఒకటి ఉందన్నాడు. ఒకేసారి ఎక్కువ వస్తాయి గాని గీతలాంటి మచ్చ మిగులుతుంది. రెండోది, సూదంత సన్నటి గొట్టంతో ఒక్కో కుదురూ విడిగా తీయడం. కుట్లుండవు, కాని గంటలకి గంటలు పడుతుంది. "ఇంకో మచ్చొద్దు బాబూ" అంది అత్త. వాపు వస్తుందని, కొన్నాళ్లు తిమ్మిరిగా ఉంటుందని, అరుదుగా చీము పట్టొచ్చని కూడా దాచకుండా చెప్పాడు. అవన్నీ విని తలూపింది.

అప్పుడు ఆయన కాగితం మీద రాసుకుంటూ మామూలుగా అడిగాడు, "దెబ్బ ఎలా తగిలిందమ్మా? కాలిందా, తెగిందా?"

రేకు తగిలిందని నేను చెప్పబోయాను. అత్త నా మోచేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"తెగనేదు బాబూ. ఊడొచ్చినాది" అంది. "నా రెండు సేతులూ కొబ్బరిసెట్టు సుట్టూ ఉన్నాయి. నా కూతురు, సిన్న గుంట, నా ఈపు మీద ఉంది, నా జుట్టు పట్టుకుని. నీళ్లు ఎనక్కి లాగినాయి. గుంట ఒగ్గనేదు. జుట్టే ఒగ్గేసినాది."

డాక్టరు రాయడం ఆపేశాడు. నేను అత్త ముఖం వైపు చూడలేకపోయాను, గోడకున్న తలల బొమ్మల వైపు చూస్తూ ఏడ్చాను. ఇన్నేళ్లు రేకు రేకు అని ఊరందరికీ చెప్పుకున్నాం. అత్తకి మాత్రం కన్నీళ్లు రాలేదు. "మరి నాటుతావా బాబూ?" అని అడిగింది.

నాటాడు. తలకి మత్తుసూదులు పొడిచేటప్పుడు ఒక్కసారి నా చెయ్యి నలిపేసింది, తర్వాత ఏమీ తెలియలేదంది. పొద్దున్నుంచి బోర్లా పడుకోబెట్టి వెనక నుంచి కుదుళ్లు తీశారు. తీసినవాటిని చల్లటి మందునీళ్లలో ఉంచి, ఆరిపోకుండా ఇద్దరమ్మాయిలు కాపలా కాశారు. మధ్యాహ్నం ఇడ్లీ తినిపించారు. ఇడ్లీ బాగోలేదని ఆ ఆపరేషను బల్ల మీద కూర్చుని చెప్పింది. తర్వాత పక్కకి తిప్పి, మచ్చ మీద సన్నగా గాట్లు పెట్టి, జుట్టు ఏ వైపు వాలాలో ఆ వైపుకే ఏటవాలుగా ఒక్కొక్కటీ పట్టకారుతో గుచ్చారు. పలచగానే నాటారు. బతికితే రెండోసారి ఇంకొన్ని నాటొచ్చన్నారు.

నాటినవి మూడో నాలుగో వారానికి రాలిపోతాయని, అది మంచిదేనని, కుదురు లోపలే ఉంటుందని, మళ్లీ మొలవడానికి నెలలు పడుతుందని డాక్టరు మాకు రెండుసార్లు చెప్పాడు. నేను విన్నాను. అత్త వినలేదు. మన ఆడవాళ్లు దువ్వినప్పుడు రాలిన జుట్టుని పారేయరు కదా, చుట్టి గూట్లో దాస్తారు, సవరానికి పనికొస్తుందని. అత్త ఇంటికొచ్చాక తలగడ మీద రాలిన పొట్టిపొట్టి వెంట్రుకల్ని ఏరి, తడిగుడ్డలో మూటకట్టి, ఆ గుడ్డ ఆరనీయకుండా పొద్దునా సాయంత్రం నీళ్లు చల్లింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మళ్లీ నాటుతాడని. నేను చూసి, "అత్తా, నారు కాదిది, వేరు లోపలే ఉంది" అంటే నమ్మలేదు. ఫోన్ కలిపి డాక్టరు చేతే చెప్పించాను. ఆయన ముందు నవ్వబోయి, మళ్లీ నవ్వకుండా చెప్పాడు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ మూటని చాలా సేపు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

వర్షాలు మొదలయ్యాక మచ్చ మీద నూగు కనిపించింది. ఏడాది దాటాక అది కుచ్చయింది. నాటినదాంట్లో సగమే బతికింది. అక్కడక్కడ మచ్చ కనిపిస్తూనే ఉండేది. రెండోసారి వెళదామంటే, "ఇది సాలు" అంది. పిల్లలకి జడలేసేటప్పుడు రుమాలు తీసేసింది. మిగతా జుట్టు ముడి వేసుకునేది గాని, ఆ కుచ్చుని మాత్రం ముళ్లోకి పోనిచ్చేది కాదు. చెవి మీద వదులుగా వేలాడేది. మంచం మీద గోడవైపు కాకుండా బయటివైపుకి, కుడి చెవి పైకి ఉండేలా పడుకునేది.

ఒక సాయంత్రం అమ్మ విసుక్కుంది. "కళ్లలో పడతంది గదొదినా, ఆ పిలక లోపలికి తోసుకోరాదా?"

అత్త చాట పక్కన పెట్టింది. "గుంటొత్తే పట్టుకోడానికి ఏటైనా ఉండాల గదా" అంది. అని, మళ్లీ చాట తీసుకుని బియ్యంలో రాళ్లు ఏరింది.

అమ్మ లేచి లోపలికి వెళ్లింది, చాలా సేపు బయటికి రాలేదు. నేను గుమ్మంలో ఉన్నాను. మా ఇంట్లో ఇన్నేళ్లు ఒక మనిషి ఎదురుచూస్తూ బతుకుతోందని నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆ తర్వాత ఆదివారం నుంచి అత్త తలకి అమ్మే నూనె పెట్టేది. ఒదినామరదళ్ల తగవులు తగ్గలేదు గాని, నూనె మాత్రం మానలేదు.

మొన్న ఆటో దిగి ఇంట్లోకి వెళ్లేసరికి స్నానం చేయించి తెల్లబట్ట కప్పారు. ఒకప్పుడు అత్త మోకాళ్ల మధ్య కూర్చుని మొత్తుకున్న పిల్లలు కొందరు తమ పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. అత్త తల చాలావరకు నెరిసిపోయింది. వెనక జుట్టు ఆలస్యంగా నెరుస్తుందేమో, ఆ కుచ్చు మాత్రం ఇంకా నల్లగానే ఉంది. పక్కింటావిడ జుట్టంతా కూడదీసి ముడి వేయబోతే అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఆ పక్క ముడెయ్యకండి. ఒగ్గేయండి" అంది. తనే వంగి, దాన్ని దువ్వెనతో రెండుసార్లు దువ్వి, బట్ట కిందనుంచి పైకి తీసి పెట్టింది. "గుంటకి అందాల."

నేనూ బండి ఎక్కాను, ఎవరూ వద్దనలేదు. సముద్రం పక్క రోడ్డు రాగానే గాలి మొదలైంది. తమ్ముడు జారిపోతున్న తెల్లబట్టని అన్ని వైపులా సర్ది దోపాడు. ఆ కుచ్చు జోలికి మాత్రం పోలేదు. అది బట్ట అంచు మీద పడుతూ లేస్తూ, శ్మశానం దాకా అలా బయటే ఉంది.