విప్పి చూసేవాడు

రింగ్ రోడ్డు బట్టల బజారులోని నా కొట్టులో కొత్త తాను విప్పినప్పుడల్లా ఆ గంజి వాసనకు మా నాన్న, బాపు గుర్తొస్తాడు. ఇదే నగరంలో, డిండోలిలోని మగ్గాల షెడ్డులో ఆయన బట్ట మడతపెట్టేవాడు.

చిన్నప్పుడు ఒకరోజు నేను సద్ది తీసుకెళ్లేసరికి మేస్త్రి ఆయన మీద కసురుకుంటున్నాడు.

“చిరుగు లోపలి మడతల పెట్టు. అందరు గిట్లనే చేస్తరు. ఎవడు చూస్తడు?”

“ప్రభువు విప్పి చూస్తడు,” అన్నాడు బాపు.

ఆ పూటే ఆయన పని పోయింది.

ప్రభువు త్వరలో వస్తాడని చర్చిలో చెప్పేవారు. బట్ట విప్పి చూసేవాడు కదా, కొనడానికి రింగ్ రోడ్డుకే వస్తాడనుకున్నాను. బాపు సంగతి చెబుదామని, బజారుకు వెళ్లినప్పుడల్లా కొనడానికొచ్చిన వ్యాపారుల ముఖాల్లోకి చూసేదాన్ని.

బాపు కూలిపనులు చేస్తూనే చనిపోయాడు. ప్రభువు ఉన్నాడో లేడో నాకిప్పుడు తెలియదు. తాను మడిచేటప్పుడు మాత్రం నా చేతులు చిరుగును పైకే పెడతాయి.