మొదటి బొండం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వేసవి. అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ విభాగానికి నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. పేరు రూత్. నా నోరు కాస్త పెద్దదని మావాళ్ళు అంటారు. ఆ విభాగానికి అలాంటి నోరే కావాలి. ఎందుకంటే మా కోనసీమలో ఒంట్లో బాగోలేని మనిషిని చూడ్డానికి ఎవరూ ఉత్తచేతులతో రారు. చేతిలో రెండు కొబ్బరి బొండాలుంటాయి. జ్వరమొచ్చినా బొండమే, కాన్పయినా బొండమే, కాలు విరిగినా బొండమే. మా రోగులకు మాత్రం అది విషంతో సమానం. బొండం నీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేసేవాళ్ళకు అది మూత్రంలో పోతుంది. పనిచేయనివాళ్ళకు రక్తంలో పేరుకుని గుండె లయ తప్పిస్తుంది. అందుకే నేను తలుపు దగ్గర కాపలా కాసి, చుట్టాన్ని లోపలికి పంపి బొండాన్ని బయట పెట్టించేదాన్ని.

సూర్రావు గారిది మామిడికుదురు దగ్గర ఒక పల్లె. ఎకరన్నర కొబ్బరితోట ఉన్న రైతు. అరవై దాటిన మనిషి, మాట నెమ్మది. అప్పటికి రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు మెషీన్ మీద ఉండేవారు. భార్య నాగరత్నం గారు పక్కన స్టూలు మీద కూర్చుని విసనకర్రతో విసురుతుండేవారు. ఏసీ గదిలో విసనకర్ర ఏమిటండీ అంటే, "అలవాటండీ" అని నవ్వేవారు.

మొదటిరోజే ఆవిడకు జాగ్రత్తలన్నీ చెప్పాను. ఆయనకు బొండం నీళ్ళు పనికిరావు. కూరలో ఉప్పు బాగా తగ్గించాలి. ఫిస్టులా ఉన్న ఎడమచేతి మీద బరువు పడకూడదు. ఫిస్టులా అంటే రెండు రక్తనాళాలను కలిపి సర్జన్ కుట్టిన చోటు. అక్కడ రక్తం జోరుగా పారుతుంది. చెవి ఆనిస్తే జుయ్యిమని చప్పుడు కూడా వినిపిస్తుంది. మా సూదులు దిగేది అక్కడే. నాగరత్నం గారు ప్రతి మాటకూ "ఆయ్, ఆయ్" అని తలూపారు. ఇంత శ్రద్ధగా వినే మనిషి దొరికినందుకు నేను సంబరపడ్డాను కూడా.

రెండేళ్ళు బాగానే గడిచాయి. ఆ వేసవిలో సూర్రావు గారు ఒక వారం రావడం మానేశారు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాత ఆటోలో తీసుకొచ్చి దించారు. కాళ్ళు పొంగిపోయి ఉన్నాయి, ఊపిరి అందడం లేదు. బరువు చూస్తే డ్రై వెయిట్ కన్నా చాలా పైన ఉన్నారు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు మనిషి ఉండే బరువును మేం డ్రై వెయిట్ అంటాం. ఇంకో పూట ఆలస్యమైతే మనిషి దక్కేవారు కాదు.

ఊపిరి కుదుటపడ్డాక నేను మొదలుపెట్టాను. "ఏమండీ, బస్సు తప్పిందా, బుద్ధి తప్పిందా?"

"బస్సులున్నాయండీ. రాబుద్ధి కాలేదు," అన్నారాయన.

నాగరత్నం గారు కళ్ళు ఒత్తుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. ఆవిడ వెళ్ళేదాకా ఆగి, ఆయన నావైపు తిరిగారు.

"సిస్టర్ గారండీ, ఈ మంచం మీద పడుకుంటే ఇంకో రెండ్రోజులు బతుకుతానంటారు. బతికి ఇంటికెళ్తే ఏముందండీ? నా మూలంగా ఇల్లంతా పథ్యం. ఉప్పు లేని కూర మీరు నాకొక్కడికే చెప్పేరు, అందరూ అదే తింటన్నారు. మా ఆవిడ బొండం తాగి రెండేళ్ళయ్యింది. దింపు కూడా ఎవరికో ఒప్పచెప్పేసేరు, నా కళ్ళ పడకూడదని. మనవరాలు గుమ్మం అవతల నిలబడి, బాగున్నావా తాతయ్యా అంటాది. చెయ్యి తగులుద్దని దగ్గరికి రానివ్వరండీ. నేను పోతే వాళ్ళయినా సుబ్బరంగా బతుకుతారు."

నేను ఒక మనిషికి చెప్పిన పథ్యాన్ని వాళ్ళు ప్రేమతో ఇల్లంతటికీ పట్టించారు. రోగం ఆయనొక్కరికే, మంచాన పడింది మాత్రం అందరూ. ఆయన్ని బతికించడానికి సూది, గొట్టం చాలవని నాకు అప్పుడు అర్థమైంది.

మాటల్లో పెడదామని, "అసలు మీ దింపు ఎలా ఉండేదండీ?" అని అడిగాను. దింపు అంటే చెట్లెక్కి కొబ్బరికాయలు దించే రోజు. అడగడమే ఆలస్యం, ఆయన ముఖం విచ్చుకుంది. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగేది కాదట. వంట తోటలోనే. రాజోలులో కాపురముంటున్న కూతురు దుర్గ పిల్లతో సహా పొద్దున్నే దిగిపోయేది. మొదట దించిన బొండం ఇంటి పెద్ద చేతికి ఇవ్వాలి. ఆయన రెండు గుక్కలు తాగి భార్యకు ఇస్తే, ఆవిడ తల వెనక్కి వాల్చి ఆపకుండా ఖాళీ చేసేది. "మా ఆవిడ బొండం తాగుతుంటే చూడాలండీ. గడ్డం మీంచి కారిపోతా ఉంటాది. చిన్నపిల్ల లాగ," అన్నారు.

ఆ సాయంత్రమే నాగరత్నం గారిని, తండ్రిని చూడ్డానికి వచ్చిన దుర్గను కూర్చోబెట్టి, వచ్చే దింపు మళ్ళీ ఆయన కళ్ళముందే, మునుపటిలా అందరూ తింటూ తాగుతూ జరపమన్నాను. దుర్గ వెంటనే ఒప్పుకుంది. ఆవిడే మొరాయించారు.

"ఆయన తాగలేనిది నా గొంతు ఎలా దిగుద్దండీ?"

"మీరు తాగితే ఆయన పొటాషియం పెరగదండీ," అన్నాను. "మీరు మానేసినందుకు తగ్గనూ లేదు."

ఆవిడ విసనకర్ర ఒళ్ళో పెట్టుకుని, దింపు ఏ రోజని దుర్గను అడిగారు.

డాక్టరు గారిని అడిగితే, ముందురోజు డయాలసిస్ చేయించుకుని, రోజుకు తాగే నీళ్ళ కొలత తప్పకపోతే వెళ్ళవచ్చన్నారు. సూర్రావు గారికి నా షరతు నేను పెట్టాను. ఈలోగా ఒక్కసారి మానినా దింపు లేదు. "ఆయ్," అన్నారు. ఆ తర్వాత ప్రతిసారీ నాకన్నా ముందే వచ్చి వరండాలో కూర్చునేవారు.

దింపు ఆదివారం పడింది. చర్చిలో ఆరాధన అయ్యాక మా ఆయన బండి మీద తోటకు వెళ్ళాం. సూర్రావు గారు నులకమంచం మీద కూర్చుని, ఏ చెట్టు కాయ పెద్దదో, ఏ చెట్టు మొండిదో మా ఆయనకు పరిచయం చేస్తున్నారు. నాగరత్నం గారు చింతచిగురు రొయ్యలు వండారు, ఈసారి ఉప్పు వేసి. ఆయనకు విడిగా చప్పిడి కూర. దాని పక్కన, నేను చూస్తుండగా, అందరి కూరలోంచి ఒక్క రొయ్య. దాన్ని ఆయన తిన్న తీరు చూసి నాకు ఆకలేసింది.

అంతలో దింపు తీసే అతను చెట్టు దిగి, ఒక బొండం చెక్కి, పాత అలవాటు కొద్దీ తిన్నగా తెచ్చి సూర్రావు గారి చేతిలో పెట్టాడు. పాపం, ఈ పథ్యాల గొడవ అతనికి ఎవరు చెప్పారు గనక. అందరం బిగుసుకుపోయాం. నేను చాప మీంచి లేచి నిలబడ్డాను.

"కంగారు పడకండి సిస్టర్ గారండీ," అన్నారాయన. బొండాన్ని రెండు చేతులతో పట్టుకుని వాసన చూశారు. ఆ చల్లదనాన్ని కాసేపు చెంపకు ఆనించుకున్నారు. తర్వాత భార్యకు అందించారు.

"నాకొద్దండీ," అన్నారావిడ.

"రెండేళ్ళ నుంచీ నువ్వు తాగకపోవడం చూస్తన్నాను రత్నం. ఇవాళ తాగడం చూడనీ."

నాగరత్నం గారు ఆయన ముఖంలోకి చూశారు. పమిట చెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. అప్పుడు తల వెనక్కి వాల్చి ఆపకుండా తాగారు. నీళ్ళు గడ్డం మీంచి, మెడ మీంచి కారి కొత్త చీర తడిసిపోయింది.

"అద్గదీ," అన్నారు సూర్రావు గారు. తాగింది ఆయనేనన్నట్టు పెదాలు తుడుచుకున్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

దుర్గ కూతురు జాహ్నవికి అప్పటికి ఆరేళ్ళు. అలవాటు ప్రకారం దూరంగా నిలబడి ఉంది. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, బరువు వేయకుండా తాతయ్య చేతికి చెవి ఎలా ఆనించాలో చూపించాను. విని, కళ్ళు పెద్దవి చేసింది.

"తాతయ్యా, నీ చేతిలో తుమ్మెద ఉంది."

"నీకోసమే దాచేనమ్మా," అన్నారాయన. ఆ పిల్ల ఇక ఆ మంచం దిగలేదు. బొండం చెక్కతో చేసిన చెంచాతో లేత కొబ్బరి తింటూ, మధ్యమధ్య తుమ్మెద ఉందో లేదో చూసుకుంటూ, సాయంత్రం దాకా అక్కడే ఉంది.

బయల్దేరేటప్పుడు దుర్గ నాలుక కరుచుకుంది. "అయ్యో, ఒక్క ఫొటో తీసుకోలేదు నాన్నా."

"ఎందుకమ్మా? వారానికి మూడుసార్లు పడుకునే పని ఉంది కదా నాకు. అక్కడ తీరిగ్గా తలుచుకుంటా."

అన్నట్టే చేశారు. ఆ తర్వాత ఏడాది పైగా ఒక్క విడత మానలేదు. సూదులు పెడుతున్నప్పుడల్లా, "మా ఆవిడ ఎలా తాగిందో చెప్పండి," అనేవారు. నేను చెబుతుంటే, "చీర పసుపు కాదండీ, చిలకాకుపచ్చ," అని దిద్దేవారు. నాగరత్నం గారు సిగ్గుపడి విసనకర్ర అడ్డం పెట్టుకునేవారు. దింపులు ఇంకా చాలా జరిగాయి. అయినా ఆయన అడిగేది ఆ మొదటి దాని గురించే. ఒక వానాకాలం తెల్లవారుజామున ఇంట్లోనే, నిద్రలోనే వెళ్ళిపోయారు.

ఇప్పుడు కొత్త రోగి వస్తే జాగ్రత్తలన్నీ చెప్పాక, తోడొచ్చినవాళ్ళను కూడా ఒక మాట అడుగుతాను. "మీరేం తిన్నారండీ?" వాళ్ళు నీళ్ళు నమిలితే వదలను. పథ్యం మనిషికే గానీ ఇంటికి కాదని, రోగితో గడిపే రోజు కూడా బతికే రోజేనని సూర్రావు గారి దగ్గర నేర్చుకున్నాను.

ఆయన పోయాక వచ్చిన మొదటి దింపు మర్నాడు, నాగరత్నం గారు మా విభాగం తలుపు దగ్గర కనబడ్డారు. చేతిలో ఒకటే బొండం.

"లోపలికి తేనండీ, మీరు తిడతారు," అన్నారు. "ఇది మీకే. మొదటిదండీ."

డ్యూటీలో ఉన్నానన్నాను. ఆవిడ కదల్లేదు. వరండాలోనే నిలబడి, తల వెనక్కి వాల్చి తాగాను. అలవాటు లేని పని, సగం నీళ్ళు యూనిఫాం మీద పోసుకున్నాను.

"అద్గదీ," అన్నారు నాగరత్నం గారు.