పేరు చెప్పని ప్రార్థన

ఫిబ్రవరి వస్తే నాకు గుండెల్లో రైళ్లు పరిగెత్తేవి. సికింద్రాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో పదకొండేళ్లు పదో తరగతికి లెక్కలు చెప్పాను. ప్రీ-ఫైనల్ పేపర్లు, పొద్దున్నే స్పెషల్ క్లాసులు, ఫోన్ల మీద ఫోన్లు చేసే తల్లిదండ్రులు. అన్నం సహించేది కాదు. పరీక్షలు దాటితే మళ్లీ మామూలు మనిషినయ్యేదాన్ని. పదో తరగతి వదిలేస్తే ఆ బాధ పోయేదేమో, కానీ ఆ తరగతంటే నాకు ప్రాణం.

మూడేళ్ల కిందట ఒక డాక్టరమ్మ మందు రాయకుండా ఒక పని చెప్పింది. రోజూ పది నిమిషాలు నిటారుగా కూర్చుని, కళ్లు మూసుకుని, ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాలి. తప్పితే మళ్లీ ఒకటి. లెక్కల టీచరుకి ఇదొక లెక్కా అని నవ్వుకున్నాను. ఇంట్లో కుక్కర్ కూతల మధ్య కుదరక, మల్కాజ్‌గిరిలో బడికెళ్లే లోకల్ రైలెక్కి లేడీస్ పెట్టెలో కూర్చునేదాన్ని. రెండు నెలలు తిరిగేసరికి అన్నం సహించింది.

అదే రైల్లో నాతో ఒక అక్క వచ్చేది. సొంత అక్క కాదు. మా బడిలోనే ఎనిమిది వరకు లెక్కలు చెప్పేది, మా చర్చే. "ఏందీ, రోజూ నిద్రనా?" అని ఒకరోజు అడిగింది. అంతా చెప్పేశాను. చర్చిలో తెలిస్తే ధ్యానమేంటని నలుగురూ నాలుగంటారని, ఎవరికీ చెప్పొద్దని చేయి పట్టుకుని అడిగాను. "నా నోట్లకెళ్లి ఒక్క మాట బయటికి రాదు, పో" అంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని అందరూ అనేవాళ్లు. నా గింజ వేరనుకున్నాను.

మా స్త్రీల కూటంలో శుక్రవారం ప్రార్థన మనవులు చెబుతారు. అక్కడొక మర్యాద ఉంది. ఎవరి కష్టమైనా చెప్పొచ్చు, పేరు మాత్రం చెప్పకూడదు. పేరు తప్ప ఇంటి నంబరు దాకా అన్నీ చెబుతారు. నిరుడు ఫిబ్రవరిలో ఒక శుక్రవారం అందరం తలలు వంచి కళ్లు మూసుకున్నాక అక్క లేచింది. "ఒక సహోదరి ఉన్నది. దిల్ మంచిది. పరీక్షలొస్తే పరేషాన్ అయితది, అన్నం సుత తినది" అని షురూ చేసింది. అయ్యో పాపం, నాలాంటిదే ఇంకొకతె అనుకుని ఆ సహోదరి కోసం మనసారా ప్రార్థించాను. "రైల్ల కండ్లు మూస్కొని ఊపిరి లెక్కవెట్టుకుంటది. పదో తరగతి బరువు మోయలేకపోతున్నది, ప్రభువా" అన్నాక గానీ అది నేనేనని తెలియలేదు. కళ్లు తెరవలేకపోయాను. నా పక్కనే మా హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ కూర్చుని ఉంది. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆమే.

బయట చెప్పులు వేసుకుంటూ అక్కను నిలదీశాను.

"పేరు తీసిన్నా? ప్రార్థననే గద చేయించిన, నీ మంచికే" అంది.

దేవుణ్ణి అడ్డం పెట్టుకున్న మనిషితో ఏం పోట్లాడను?

జూన్‌లో బడి తెరిచిన రోజు మేడమ్ పిలిచి, జ్వరమొచ్చిన పిల్లతో మాట్లాడినట్టు మెల్లగా చెప్పింది. "నువ్వు ఆరు, ఏడు తీస్కోమ్మా. జెర రెస్ట్ అయితది. పదోది అక్క చూస్కుంటది." నాకు బాగైందని, ఆ ఊపిరి లెక్కే నన్ను బాగుచేసిందని చెప్పబోయాను. చెప్పినకొద్దీ నా మాటలు నాకే రోగి మాటల్లా వినిపించాయి. ఏడో తరగతి పుస్తకం తీసుకున్నాను.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ అనేది. అక్క ఇప్పటికీ రైల్లో నాకు సీటు ఆపుతుంది. నేను వేరే పెట్టె ఎక్కుతాను. కళ్లు మూసుకుంటే మూడో ఊపిరికే ఆమె గొంతు, మళ్లీ ఒకటి నుంచి మొదలు. క్షమించానని చెప్పను, అబద్ధమవుతుంది.

మొన్న మెట్ల మీద పదో తరగతి అమ్మాయి ఒకతె ఎదురైంది. తొమ్మిదిలో నా దగ్గరే చదివింది. పదిలో కూడా నేనే చెబుతానని నా దగ్గర మాట తీసుకున్న పిల్ల. ఎందుకు రాలేదని కోప్పడుతుందని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండేది. నా చేతిలోని నోటు పుస్తకాల కట్ట అందుకుని, గొంతు తగ్గించి, "మీరు తక్లీఫ్ తీస్కోకండి టీచర్. మా మమ్మీ సుత మీ కోసం ప్రార్థన చేస్తున్నది" అంది.