గొంతు పోయిన వారం

ఆ రోజుల్లో పంతులమ్మ అంటే గొంతు. చదువు సంగతి తర్వాత, ముందు ఆవిడ గొంతు ఊరి చివరిదాకా వినపడాలి. దుమ్ముగూడెం అవతల అడవిలో, ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ ఒకే గదిలో కూర్చునే బడిలో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు నేను నమ్మిన విద్యాసిద్ధాంతం ఇదొక్కటే. మాది మధిర వైపు. (మా ఇంట్లో అందరివీ పెద్ద గొంతులే, ఆ ఆస్తికి లోటు లేదు.) చిన్నవాళ్లకు అక్షరాలు, పెద్దవాళ్లకు భిన్నాలు ఒకే ఊపిరిలో అరిచేదాన్ని. సగంమంది పిల్లలకు ఇంట్లో కోయ మాటే. నా తెలుగు వాళ్లకు అర్థం కాకపోతే ఇంకాస్త గట్టిగా చెప్పేదాన్ని, గట్టిగా అంటే భాష మారిపోతుందన్నట్టు.

ఒంటిపూట బడుల రోజులవి. ఒక సోమవారం నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. భద్రాచలం దవాఖానాలో డాక్టరు చూసి, వారంపాటు ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు. ఆ వారంలోనే ఇన్‌స్పెక్టరుగారి తనిఖీ. ఆయన బాగుందని రాస్తేనే నా ఉద్యోగం ఖాయం, లేదంటే పెట్టె సర్దుకుని మధిర బస్సెక్కడమే. సెలవు పెడితే భయపడి పారిపోయిందంటారు. బడికొచ్చి, బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. (ఏడుపుక్కూడా చప్పుడు రాలేదు, అదింకో దుఃఖం.)

అయిదో తరగతిలో, గొంతు పెద్దదని అందరూ మైకు అని పిలిచే పిల్ల ఒకతి ఉండేది. అది నా దగ్గరికి వచ్చి, "టీచర్, మీరు కూసోండ్రి. మేం జూసుకుంటం" అంది.

నిజంగానే చూసుకున్నారు. మైకు చిన్నపిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని పాఠాన్ని కోయలో చెప్పింది. పలకంటే పడనివాళ్లు బయట ఇసుకలో రాసుకున్నారు. ఎక్కాలు పాటలా పాడేవాళ్లు ఒక మూల చేరారు. తెలియనిది ఉంటే తెలిసినవాళ్ల పక్కకు జరిగి, తెలిశాక తమ చోటికి వచ్చేవారు. ఏడాదిగా నా ముందు పెదవి విప్పని మూడో తరగతి పిల్లవాడు (నేను పెట్టిన పేరు మౌనస్వామి) ఇంటినుంచి, బీడీలకోసం అమ్మే తునికాకు కట్టలు తెచ్చి పరిచాడు. కట్టకు యాభై ఆకులు. వాడి చుట్టూ చేరి నాలుగో తరగతివాళ్లు గుణకారం నేర్చుకున్నారు. నేను చేసిందల్లా సుద్దముక్కలు అందించడం, ముక్కులు తుడవడం.

గురువారం ఇన్‌స్పెక్టరుగారు జీపు దిగి, గుమ్మంలో చాలాసేపు నిలబడ్డారు.

"ఏందమ్మా, పాఠం చెప్తలేవు?"

నేను గొంతు చూపించాను. మైకు ఏమీ దాచలేదు. "మా టీచర్‌కు గొంతు పోయింది సార్. మేమే చదువుకుంటున్నం."

నా కళ్లముందు మధిర బస్సు కదిలింది. ఆయన మాత్రం వెళ్లి మౌనస్వామి పక్కన నేలమీద కూర్చున్నారు.

"ఏడు కట్టలల్ల ఎన్ని ఆకులుంటయిరా?"

"మూడొందల యాభై" అన్నాడు వాడు. నేను విన్న వాడి మొదటి మాట అది. కాస్త ఆలోచించి, "చినిగినయి ఉంటే తక్కువైతయి సార్. ఆకు కొనే కల్లంల తీసేస్తరు" అన్నాడు.

ఇన్‌స్పెక్టరుగారు కళ్లజోడు జారిపోయేలా నవ్వారు. బడి వదిలేదాకా పిల్లల మధ్యనే తిరిగారు. వెళ్తూ వెళ్తూ, "గొంతు పోతే పోయిందిగని, బడి మంచిగ నడుస్తుందమ్మా. గిట్లనే ఉండు" అని, నా ఉద్యోగం ఖాయం చేయమని రాసి జీపెక్కారు. నేను మళ్లీ ఏడ్చాను. (ఈసారి కొంచెం చప్పుడొచ్చింది.)

కొన్నాళ్లకు పాల్వంచలో టీచర్ల సమావేశం పెట్టి, ఈ పద్ధతి గురించి చెప్పమని నన్ను పిలిచారు. అప్పటికి గొంతు పూర్తిగా తిరిగొచ్చింది. టీచరు తక్కువ మాట్లాడాలని గంటన్నరసేపు మాట్లాడాను. సగంమంది నిద్రపోయారు. బయటికొచ్చాక ఇన్‌స్పెక్టరుగారు, "అమ్మా, నీకు గొంతు లేనప్పుడే మంచిగ చెప్పినవు" అన్నారు.

ఆ ఉద్యోగంతోనే జీవితమంతా గడిచింది. తర్వాత ఏ బడిలోనైనా గొంతు పెరుగుతోందనిపిస్తే, సుద్దముక్క ఒక పిల్ల చేతిలో పెట్టి కూర్చునేదాన్ని. నన్ను పంతులమ్మను చేసింది ఆ అడవి పిల్లలే. వాళ్ల రుణం ఎలా తీర్చుకోవాలో నాకిప్పటికీ తెలియదు. రిటైరయ్యాక కూడా బుద్ధి మారిందా అంటే లేదు. మొన్న మనవరాలు లెక్క చేసుకుంటుంటే ఊరుకోలేక గొంతెత్తి చెప్పడం మొదలుపెట్టాను. అది తలెత్తకుండానే, "అమ్మమ్మా, నువ్వు కూర్చో. నేను చూసుకుంటా" అంది.

మారుమాట్లాడకుండా కూర్చున్నాను.