సెలవుల్లో వినపడిన కోర్టు పిలుపు

దయ్యాలనే మాటకు మా ఇంట్లో చోటుండేది కాదు. మా నాన్న చీరాలలో స్కూలు టీచరు. చిన్నప్పుడు చీకట్లో ఏదో కదిలిందని భయపడితే, చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకెళ్ళి చూపించేవాడు. తర్వాత నేను లా చదివాను. సాక్ష్యం లేనిదేదీ నమ్మకూడదని అక్కడ నేర్పారు. కాబట్టి నేను చూసినదీ విన్నదీ మాత్రమే రాస్తున్నాను.

ఎనభైల్లో మాట. గుంటూరులో లా రెండో సంవత్సరం పరీక్షలయ్యాక, మాలో కొందరికి వేసవిలో కోర్టుల్లో పని ఇచ్చారు. ఇంటర్న్‌షిప్ అనే మాట మాకు తెలియదు. ‘స్టైపెండు మీద ట్రైనింగు’ అనేవాళ్ళం. నాకు సత్తెనపల్లి అవతల ఒక చిన్న ఊళ్ళోని సివిల్ కోర్టు పడింది. ఊరి పేరు రాయను.

మే నెల కావడంతో కోర్టుకు సెలవులు. జడ్జిగారు లేరు, వకీళ్ళు లేరు, కేసుల్లేవు. హాలుకు తాళం. ఆఫీసులో ఉండేది ఇద్దరే. రికార్డు కీపరు సుబ్బారావుగారు, అటెండరు మస్తాన్. పాత ఫైళ్ళ నంబర్లు పుస్తకంలోకి ఎక్కించడం నా పని. గడువు తీరిపోయి తగలబెట్టాల్సిన ఫైళ్ళను అప్పటికే ఎర్రగుడ్డలో కట్టి గోడవారగా పేర్చారు. వాటిని నేను విప్పాల్సిన అవసరం లేదు.

నాలుగో రోజు పదకొండు గంటలప్పుడు వరండాలో పిలుపు వినపడింది.

“దారా కోటమ్మా... దారా కోటమ్మా... దారా కోటమ్మా!”

కోర్టులో బంట్రోతు కక్షిదారుల్ని పిలిచే పద్ధతే. పిలుపుకీ పిలుపుకీ మధ్య అంతే విరామం, చివర్లో అదే సాగదీత. నేను తలెత్తకుండా రాసుకుంటూనే ఉన్నాను. రెండు నిమిషాలయ్యాక గుర్తొచ్చింది, కోర్టు లేదు కదా అని.

బయటికి వచ్చి చూశాను. వరండా ఖాళీ. ఎదుటి కల్లాల మీంచి ఎండుమిరప ఘాటు మాత్రం వస్తోంది. మస్తాన్ వేపచెట్టు కింద సైకిలుకు గాలి కొడుతున్నాడు.

“ఎవరినో పిలిచావేంటి?” అని అడిగాను.

“నేనా? నేనెందుకు పిలుస్తానమ్మా, సెలవులైతే!” అన్నాడు.

మర్నాడు అదే వేళకు మళ్ళీ వినపడింది. ఈసారి సుబ్బారావుగారు నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. ఆయన కలం ఆగలేదు. నా ముఖం చూసి, “ఏమ్మాయ్, ఒంట్లో బాలేదా?” అన్నారు. విన్నది చెప్పాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. తాళంచెవి తీసుకుని హాలు తలుపు తెరిచి చూపించారు. నేలంతా సన్నటి దుమ్ము. ఒక్క అడుగు గుర్తు లేదు.

“ఎండదెబ్బ. మజ్జిగ తాగు,” అన్నారు.

తాగాను. ఆ మర్నాడు కూడా వినపడింది. గడియారం చూశాను. పదకొండూ పది. పిలిచే గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. మామూలుగా ఉద్యోగం చేసుకునే మనిషి గొంతు. అదే ఎక్కువ భయపెట్టింది.

ఆ మధ్యాహ్నం నేను ఎక్కించిన పుస్తకమంతా వెతికాను. ఆ పేరు లేదు. అప్పుడిక గోడవార కట్టలు విప్పడం మొదలుపెట్టాను. “అవి సోమవారం తగలబెట్టేస్తారమ్మాయ్, ముట్టుకోకు,” అన్నారు సుబ్బారావుగారు. అయినా ఆపలేదు. సాయంత్రం బస్సు వేళకు దొరికింది.

వాది: దారా కోటమ్మ. కూలి చేసుకునే విధవరాలు. మొగుడి పొలం మరిది లాక్కున్నాడని దావా వేసింది. విచారణ రోజున మూడుసార్లు పిలిచినా వాది హాజరు కాలేదని కేసు కొట్టేశారు. ఆ కాగితం కింద ఆమె పెట్టుకున్న అర్జీ ఉంది. “నేను పొద్దుటి నుంచీ వరండాలో బల్ల మీదే కూర్చుని ఉన్నాను. నన్ను ఎవరూ పిలవలేదు,” అని. కింద వేలిముద్ర. పిలిచానని బంట్రోతు చెప్పాడు. అర్జీ కూడా కొట్టేశారు.

ఇరవయ్యేళ్ళ నాటి సంగతి.

ఫైలు అడుగున, పొలం కాగితాలతో పాటు ఆమె కోర్టుకు ఇచ్చిన ఇంటిస్థలం పట్టా ఒకటి మడతల్లో చిరగబోతూ ఉంది. అసలు కాగితం. అది చూశాక సుబ్బారావుగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “ఇది కాలిపోయేదే,” అన్నారు నెమ్మదిగా. “వాళ్ళవాళ్ళు ఎవరైనా ఉంటే అర్జీ పెట్టుకోమను. నేనే ఇప్పిస్తాను.”

ఆదివారం బస్సెక్కి, ఫైల్లో రాసి ఉన్న కోటమ్మ ఊరు వెళ్ళాను. కోటమ్మ చనిపోయి ఎనిమిదేళ్ళయిందట. కూతురు సామ్రాజ్యం కల్లంలో మిరపకాయల తాలు ఏరుతోంది. నలభై ఏళ్ళుంటాయి. నేను పట్టా సంగతి చెప్పగానే చేతిలో కాయలు కింద పడిపోయాయి.

“మా చిన్నాన్న కొడుకులు ఇల్లు ఖాళీ చెయ్యమంటన్నారమ్మా. కాయితం చూపిచ్చమంటన్నారు. కోర్టులో ఇచ్చానని మా అమ్మ చచ్చేదాకా చెప్పింది. నేనే నమ్మలా. ఎక్కడో పారేసుకుని అబద్ధమాడతందని తిట్టా కూడా,” అంది. మిరప చేతులతోనే కళ్ళు తుడుచుకోబోతే నేను పట్టుకుని ఆపాను.

పిలుపు సంగతి ఆమెకు చెప్పలేదు. ఇది ముఖ్యం. ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

సోమవారం తొమ్మిదింటికే వచ్చింది. అర్జీ నేనే రాశాను. సుబ్బారావుగారు సంతకం పెట్టించుకుని పట్టా ఆమె చేతికిచ్చారు. నేనూ సామ్రాజ్యం వరండాలోకి వచ్చేసరికి పదకొండు దాటింది. మస్తాన్ మాకు నాలుగడుగుల దూరంలో కట్టలు మోస్తున్నాడు.

“దారా కోటమ్మా...”

సామ్రాజ్యం గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. “మా అమ్మని పిలుస్తన్నారేందమ్మా?”

రెండో పిలుపు వచ్చింది. మస్తాన్ పెదాలు కదల్లేదు. అతను కట్ట భుజానికెత్తుకుని మా ముందునుంచే వెళ్ళిపోయాడు, ఏమీ విననట్టు. మూడో పిలుపు వచ్చింది.

వరండా చివర, ఖాళీ బల్ల వైపు నుంచి ఒక ఆడగొంతు పలికింది.

“ఉండానయ్యా!”

ఎక్కడ వినపడకుండా పోతుందో అన్నట్టు, గట్టిగా, ఆదరాబాదరాగా పలికింది.

సామ్రాజ్యం నా చెయ్యి వదిలేసింది. కొంగు తలమీదకు లాక్కుని ఆ బల్ల దగ్గరికి నడిచింది. పక్కన ఒక మనిషికి చోటు వదిలి కూర్చుంది. పట్టా ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. నేను దగ్గరికి వెళ్ళలేకపోయాను.

మరో మూడు వారాలు అక్కడ పనిచేశాను. మళ్ళీ ఏమీ వినపడలేదు. ఆ ఇల్లు సామ్రాజ్యానికే మిగిలింది. తర్వాత నేను వకీలునై ఎన్నో కోర్టు వరండాల్లో నిలబడ్డాను. ఆ పేరు ముందే ఏ కాగితంలోనో నా కంటబడి ఉంటుందేమో, ఎండకు చెవుల్లో మోగి ఉంటుందేమో అని నాకు నేనే వాదించుకున్నాను. ఏమీ తెలియని సామ్రాజ్యం నా పక్కన నిలబడి ఎలా విన్నదో మాత్రం ఏ వాదనకూ అందలేదు.

బల్ల దగ్గర పలికింది ఎవరి గొంతని ఆమెను ఒక్కసారి అడిగి ఉండాల్సింది. ఆ తర్వాత రెండుమూడుసార్లు కలిశాం కూడా. అడగలేదు. ఆమె ఏం చెబుతుందో నాకు తెలుసు. దాన్ని కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.