తక్కెడకెక్కని పొగ

అరవైల చివర్లో మా చీపురుపల్లి వైపు పెళ్ళిచూపుల్లో పాట పాడించడం పాతబడి, పిల్లకి ఇంగ్లీషు ఎంత వచ్చో చూడటం కొత్తగా మొదలైంది. (పెళ్ళయ్యాక ఆ ఇంగ్లీషు ఎవరితో మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు.) మా ఇంట్లో ఇప్పటికీ ఏ శుభకార్యం జరిగినా అక్కని "పొగ" అని ఆటపట్టిస్తారు. ఆ కథ అందరికంటే ఎక్కువసార్లు చెప్పి నవ్వించినవాణ్ణి నేనే. అందులో నేను మింగేసిన ముక్క ఒకటుంది.

తొమ్మిదో తరగతిలో నాకు ఇంగ్లీషులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. చింతపండు, బెల్లం అమ్మే మా నాన్న ఆ సంగతిని సరుకుతోబాటు పొట్లం కట్టి అందరికీ ఇచ్చేవాడు. "మావోడు నిద్దట్లో కూడా ఇంగిలీసే కలవరిస్తాడండీ!" అంతలో అక్కకి విజయనగరం సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు పెదనాన్న రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. ఏ పిల్లని చూసినా నౌన్లు అడుగుతాడని ముందే కబురొచ్చింది. ఎనిమిదితో చదువు మానేసిన అక్కకి అవి నేర్పే పని నాకు పడింది. కాంక్రీట్ నౌన్‌కీ ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్‌కీ తేడా మా బళ్ళో చెప్పిన రోజు నేను జ్వరంతో పడుకున్నాను. ఆ మాట నాన్నతో అనలేక, కొట్లో తక్కెడ చూసి సొంతంగా ఒక సూత్రం కనిపెట్టాను. తక్కెడలో పెట్టి తూచగలిగితే కాంక్రీట్, తూచలేకపోతే ఆబ్‌స్ట్రాక్ట్.

"చింతపండు కాంక్రీటు. సంతోషం ఆ రెండోది," అంది అక్క, పొయ్యి ఊదుతూ. "ఒరే, మరి పొగ ఏటవుతాది?"

"తూగుతాదా?"

"తూగదు."

"అయితే ఆబ్‌స్ట్రాక్ట్."

"కళ్ళు మండిపోతన్నాయి కదరా!"

"గ్రామర్లో కళ్ళ మంట లెక్కలోకి రాదు," అన్నాను గంభీరంగా.

పెళ్ళిచూపుల నాడు అక్క చకచకా జవాబులు చెప్పేస్తోంది. నాన్న మీసం ఒక్కో జవాబుకీ కొంచెం లేస్తోంది. అమ్మ తడికట్టెలతో బజ్జీలు వేస్తోందేమో, పొగ ముందుగదిలోకి వచ్చింది. పెదనాన్నగారు ఉత్తరీయంతో కళ్ళు ఒత్తుకుంటూ, "స్మోక్?" అన్నారు. అక్క నాకేసి చూసింది. నేను ధీమాగా తలాడించాను.

"ఆబ్‌స్ట్రాక్టండీ."

"ఏడిపిస్తున్న పొగ కనబడటం లేదా అమ్మా? కంటికీ ముక్కుకీ తెలిసేదంతా కాంక్రీటే కదా! ఎవరు చెప్పారు నీకిది?"

నేను బజ్జీల పళ్ళెం వైపు తిరిగాను. అక్క నెమ్మదిగా, "నాకే అలా అనిపించిందండీ," అంది. వాళ్ళు కబురు చేస్తామని వెళ్ళారు. ఆ కబురు ఇంతవరకూ రాలేదు.

మరుసటేడు అక్క పెళ్ళయి కొత్తవలస వెళ్ళింది. బావది రైలింజన్లో బొగ్గు వేసే ఉద్యోగం. ("పొగకి పొగే మొగుడు" అన్న మాట కూడా నాదే.) మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వంటింట్లో పీట వేసుకుని అడిగాను: "అక్కా, ఆ రోజు నా పేరెందుకు సెప్పనేదు?"

"సెప్తే నీ పరువు పోతాది, నాన్న కొట్లో తలెత్తుకోనేడు. సెప్పకపోతే సంబంధం పోతాది. ఏది బరువో సూసుకున్నాన్రా," అంది, చేపముక్క తిరగేస్తూ. "అయినా ఆ పెళ్ళికొడుకు బజ్జీల మీంచి తలెత్తి నన్ను సూస్తే కదా!"

అదృష్టం కొద్దీ పెనం మీద నూనె మాడి పొగ లేచింది. కళ్ళు తుడుచుకోవడానికి నాకో వంక దొరికింది.