జములమ్మ రాయని పరీక్ష

ముప్పై ఏళ్ళుగా ఒక కాగితం నా మీద బరువుగా ఉంది. అదిప్పుడు ఎక్కడా ఉండి ఉండదు. ఏ ఆఫీసు బీరువాలోనో చెదలు తినేసి ఉంటాయి. బరువు మాత్రం తగ్గలేదు. నా పేరు రాయను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఇంట్లోవాళ్ళకు చెప్పలేనిది మీకు చెప్పగలుగుతున్నది అందుకే.

తొంభైల మొదట్లో గద్వాలలో, నేతవాళ్ళ వీధిలో, పెద్దవాళ్ళకు చదువు చెప్పే కేంద్రం నడిపాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మగ్గాలు కాసేపు ఆగే వేళకు ఆడవాళ్ళు పలకలు పట్టుకుని వచ్చేవాళ్ళు. అందరిలోకీ పెద్దది జములమ్మ. నేను పెద్దమ్మా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. భర్త పోయాడు. ఇంట్లో సగం ఆమెది, మిగతా సగం మరిదిది. ఆ వీధిలో ఏ మగ్గానికైనా అచ్చు అతికేది ఆమే. అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. ఒక్క పోగు కూడా విడవకూడదు. వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుంటారు. ఎంత కడుక్కున్నా గోళ్ళ సందుల్లో కొంత మిగిలేది. అందుకని ఆమె వాచకం నిండా బూడిద వేళ్ళే. ఏ పాఠం దాకా వచ్చిందో నేను అడగక్కర్లేదు, పుస్తకం తెరిస్తే తెలిసిపోయేది.

సంతకం మొదటి నెలలోనే నేర్చుకుంది. అంతటితో మానేసినవాళ్ళు చాలామంది. ఆమె మానలేదు. "పేరు గీకుడు ఎంతసేపు టీచరమ్మా? దేని కింద గీకుతున్ననో అది సదువుకోవాలె" అనేది.

మెల్లగా నేర్చుకునేది. ఒత్తు దగ్గర ఆగేది, వెనక్కి వెళ్ళేది, వాక్యం మొదటి నుంచి మళ్ళీ అందుకునేది. తప్పిన అతుకును విప్పి మళ్ళీ అతికే మనిషి కదా, చదువూ అలాగే చదివేది. నాకు విసుగొచ్చేది. ఆ విసుగు నా ముఖంలో కనిపించేదా? కనిపించే ఉంటుంది.

చివరి పరీక్ష నాటికి ఆమె తొమ్మిదో పాఠంలో ఉంది. పరీక్ష రోజు కూతురి కాన్పుకని వనపర్తి వెళ్ళింది. పేరున్న ప్రతి ఒక్కరి కాగితమూ ఉంటేనే కేంద్రం పూర్తయినట్టు అన్నారు పైవాళ్ళు. నా దగ్గర ఒక్కటి తక్కువ. ఇంకా నేర్చుకుంటోంది అని రాయవచ్చు. అలా రాయడానికి ఆ ఫారంలో గడి కూడా ఉంది. నన్నెవరూ బలవంతం చేయలేదు. ఇది విప్పి చెప్పాలి, ఎందుకంటే ఇన్నేళ్ళూ పైనుంచి ఒత్తిడి అనే సాకుతోనే నన్ను నేను జోకొట్టుకుంటూ వచ్చాను. నేను టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టి ఉన్నాను. కేంద్రం బాగా నడిపిందని ఒక మంచి మాట కావాలి. అంతే.

ఆమె పరీక్ష కాగితం నేనే ఎడమ చేత్తో రాశాను. రెండు తప్పులు కావాలని చేశాను. దిద్ది మార్కులు వేసిందీ నేనే. అంతటితో ఆగినా బాగుండేది. కాగితం మరీ తెల్లగా ఉందనిపించింది. లేచి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యిలోని బూడిద వేలికి అద్దుకుని కాగితం అంచున రెండు చోట్ల ఒత్తాను. ఇప్పుడు ఈ కలాన్ని పట్టుకున్నదీ ఆ వేలే. దొంగరాత అవసరం కొద్దీ రాశాననుకుందాం. బూడిద ఎందుకు అద్దాను? ఆమె కష్టం నాకు అంత బాగా తెలుసు కనకనే కదా? తెలియని మనిషికి ఆ ఆలోచనే రాదు.

కేంద్రం పూర్తయిందని పెట్టిన సభలో పెద్ద అధికారి ఆ కాగితాన్నే ఎత్తి చూపించాడు. పనిచేసే చేతుల గుర్తులు చూడండి అన్నాడు. చప్పట్లు మోగాయి. ఊరి నుంచి తిరిగొచ్చిన జములమ్మను వేదిక మీదికి పిలిచి సర్టిఫికెట్ చేతికిచ్చారు. ఆమె ఆ పరీక్ష కాగితం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను.

మరుసటి వారం పలకలూ బోర్డూ తీసుకుపోయారు. అందరికీ చదువొచ్చిన వీధిలో కేంద్రం ఎందుకు? పదో పాఠం చెప్పమని ఆమె రెండు మూడుసార్లు మా ఇంటికి వచ్చింది. తీరిక లేదన్నాను.

ఏడాది తిరగకముందే మళ్ళీ వచ్చింది, చేతిలో మడత పెట్టిన దస్తావేజు నకలుతో. పెద్దమందడి దగ్గరి బడిలో చేరమని అప్పటికి నాకు ఉత్తర్వు వచ్చేసింది.

"ఇండ్ల ఏమున్నదో జర సదువు టీచరమ్మా."

చదివాను. ఇంట్లో తన సగాన్ని ఇష్టపూర్వకంగా మరిదికి వదులుకుంటున్నట్టు ఉంది. కింద ఆమె సంతకం. నేను నేర్పిన సంతకం.

వేలిముద్ర వేసేవాళ్ళకు రాసిందంతా చదివి వినిపించి, వినిపించినట్టు ఆ కాగితం మీదే రాసి, అప్పుడు ముద్ర వేయించుకోవడం పద్ధతి. సంతకం చేసేవాళ్ళకు ఆ అవసరం లేదు.

"సదివి చెప్పుమని అడగలేదా పెద్దమ్మా?"

"అడిగిన. ఇంటిపన్నుల పేరు మార్సేటందుకని మా మరిది చెప్పిండు. రాసేటాయన నవ్విండు. సభల సర్టిఫికెట్ తీసుకున్నామెవు, నీకు సదివి ఇనిపియ్యాల్నా అన్నడు."

"నాకు సదువు రాదని చెప్పకపోతివా?"

ఆమె నకలు నా చేతిలోంచి తీసుకుని మడత పెట్టింది.

"ఎట్ల చెప్త బిడ్డా? రాదంటే, మరి ఆ పరీచ్చ ఎవరు రాసిండ్రని అడుగుతరు గద. నీకు నౌకరొచ్చే యాళ్ళ. నీ పేరు ఖరాబైతదని గీకిన."

అప్పటిదాకా టీచరమ్మా అన్న మనిషి ఆ రోజు బిడ్డా అంది. వచ్చి సాక్ష్యం చెప్పమని ఆమె అడగలేదు. అది నాకు నేనుగా చేయాల్సిన పని. ఆమెకు చదవడం రాదని నలుగురు పెద్దల ముందో, కోర్టులోనో చెప్పి ఉంటే ఆ దస్తావేజు చెల్లేది కాదేమో. చెల్లేదేమో కూడా. తేల్చుకునే అవకాశమైనా ఆమెకు దక్కేది. నేను పై వారం ఉద్యోగంలో చేరిపోయాను. ఆమె ఇల్లు ఖాళీ చేసి వనపర్తిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. పోయేముందు తన వాచకం మా అమ్మ చేతికిచ్చి, టీచరమ్మకు ఇయ్యమని చెప్పిందట. కొన్నేళ్ళకు చనిపోయిందని విన్నాను. ఆఖరి చూపుకు కూడా వెళ్ళలేదు.

తర్వాత నేను, పెద్దలకు చదువు చెప్పేవాళ్ళకు శిక్షణ ఇచ్చే స్థాయికి వచ్చాను. నేర్చుకునే మనిషి ఎక్కడ ఆగిపోయాడో తెలుసుకోవడానికే పరీక్ష, మనం ఎంత బాగా చెప్పామో చూపించుకోవడానికి కాదు అని కొల్లాపూర్‌లో, నాగర్‌కర్నూల్‌లో ఎన్నోసార్లు చెప్పాను. వాళ్ళు శ్రద్ధగా రాసుకునేవాళ్ళు. ఆ మాట చెప్పిన ప్రతిసారీ జములమ్మ గుర్తొచ్చేది. అయినా చెప్పేదాన్ని. సిగ్గు లేకనా? లేక అదొక్కటే నాకు నిజంగా తెలిసిన పాఠం కావడం వల్లనా? నాకే తెలియదు.

వాచకం ఇప్పుడు నా ముందు ఉంది. తొమ్మిదో పాఠం దాకా బూడిద వేళ్ళు. పదో పాఠం నుంచి పేజీలు తెల్లగా ఉన్నాయి. క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించగలిగిన మనిషి లేదు. అప్పుడు పెద్దల ముందు చెప్పాల్సిన రెండు ముక్కలు ఇక్కడైనా రాస్తాను. ఎవరికీ పనికిరావని తెలుసు. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

గద్వాల నేతవాళ్ళ వీధి జములమ్మకు చదవడం రాదు. ఆ పరీక్ష రాసింది నేను.